పాలకు పడని పండు

పులివెందుల దోవలో పోతుంటే చీనీ (బత్తాయి) తోటలు, అరటి తోటలు. కొండాపురంలో ఎండాకాలం పెళ్లికి పోతే మాత్రం ఫ్రూట్ సలాడ్‌లో పైకి తేలేది ఆపిల్ ముక్క. మన నేలలో కాయని పండు వేస్తేనే మర్యాద అనుకుంటామేమో! నా మట్టుకు నాకు ఆ గిన్నెకు పెద్ద అరటిపండే. 2020 జనవరిలో మా రైలు లైన్లోనే ఉన్న తాడిపత్రి నుంచి అరటిగెలలు ఏకంగా రైలెక్కి ముంబై రేవుకు, అక్కడి నుంచి విదేశాలకు పోయినాయి. అంతటి పండు మన బంతిలో రెండో వరసలో కూర్చుంటుంది.

పండ్లు ఏవైనా, పని పట్టేది కస్టర్డ్ దగ్గరే. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి భార్యకు గుడ్డు పడదు. ఆమె కోసం 1837లో ఆయన గుడ్డు లేని కస్టర్డ్ తయారుచేశాడు. ఆ పుణ్యం మన శాకాహార బంతులకు దక్కింది. ఆ కస్టర్డ్ పొడిలో ఉండేది ముఖ్యంగా మొక్కజొన్న పిండే కాబట్టి చల్లటి పాలలోనే కలుపుకోవాలి. కాగే పాలలో నేరుగా పోస్తే పైపైన ఉడికి, లోపల పొడి పొడిగానే ఉండి ఉండలు కడుతుంది. లీటరు పాలకు మూడు పెద్ద చెంచాలు చాలు. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి, అంతే, దింపేయాలి. చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది. మీగడ కట్టకుండా మధ్యమధ్య తిప్పుతుండాలి. ఓపిక లేనివాళ్లు వేడి మీదే పండ్లు వేస్తారు. అవి నీళ్లొదిలి, సలాడ్ కాస్తా పాల చారవుతుంది.

"అక్కా, అరటిపండ్లు కోసి పెట్టల్నా?"

"ఇప్పుడే వద్దు మే. బంతి లేసేటప్పుడు కోద్దువులే."

వంటింట్లో వినే ఈ ఒక్క మాటలోనే సగం విద్య ఉంది. ముందే కోస్తే అరటి నల్లబడుతుంది. సపోటా, దానిమ్మ గింజలకు ఆ తొందర లేదు. అనాస పచ్చిగా పడితే అందులోని ఎంజైము పాలను చేదు చేస్తుంది. చక్కెర పాకంలో ఉడికించి వేస్తే ఆ గుణం పోతుంది.

ఇక మన చీనీ. ఊరి పండే కదా అని అభిమానంతో తొనలు వలిచి వేస్తారు. దాని పులుపు పాలకు పడదు. పైగా కాసేపుంటే రసం చేదెక్కుతుంది. అభిమానం వేరు, పాలగిన్నె వేరు.

ఈసారి శుభకార్యానికి సరుకుల చీటీ రాసేటప్పుడు ఆపిల్ కొట్టేసి అరటి, సపోటా, దానిమ్మ రాయండి. చీనీలు మాత్రం వేరే బుట్టలో ఉంచి, ఎండన పడి వచ్చిన చుట్టాలకు గడప దాటగానే రసం తీసి ఇవ్వండి.