చక్రానికి చోటు కావాలి

నా పోలో కారును నేను సెకండ్‌హ్యాండ్‌లో కొనేసరికే దాని కింద కాయిలోవర్లు ఉన్నాయి. వాటిలో షాకబ్జర్ గొట్టం మీదే మరలు కోసి ఉంటాయి. స్ప్రింగ్ కూర్చునే రింగు ఆ మరల మీద తిరుగుతుంది. రింగు దింపితే బండి దిగుతుంది, ఎక్కిస్తే లేస్తుంది. కంపెనీ లెక్కలో పోలోకూ నేలకూ మధ్య 168 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నా చేతికొచ్చిన బండి అంతకంటే రెండంగుళాలు కిందికే కూర్చుని ఉంది. "సస్పెన్షన్ అంతా కొత్తది సార్, ఇంకేం చూసుకోనక్కర్లేదు" అన్నాడు అమ్మినాయన. ఒక్కణ్నే ఆఫీసుకు వెళ్లొచ్చినన్నాళ్లూ కాస్త గట్టిగా ఉందనిపించిందంతే.

నాన్నకు నడుం ఆపరేషన్ అయ్యాక తెలిసొచ్చింది. చెకప్ కోసం సూర్యాపేట నుంచి హైదరాబాద్ బయల్దేరాం. వెనక సీట్లో దిండ్లు పేర్చి, అమ్మ ఒళ్లో తల పెట్టించి నాన్నను పడుకోబెట్టాం. ముందు సీట్లో తమ్ముడు, డిక్కీ నిండా సామాను. హైవే మీద వంతెన అతుకు వచ్చిన ప్రతిసారీ కింద నుంచి ధన్‌మని దెబ్బ తగిలేది. దెబ్బ దెబ్బకీ నాన్న పళ్లు బిగపట్టేవారు. ఒక్క మాట అనలేదు. "నిమ్మళంగా పోనియ్ బిడ్డా" అని అమ్మే అంటూ వచ్చింది. అప్పటికే నలభై దాటనివ్వడం లేదు నేను.

నొప్పి మాత్రల కోసం నకిరేకల్ దగ్గర హైవే దిగితే ఒక స్పీడ్ బ్రేకర్ అడ్డొచ్చింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అక్కడున్నది రోడ్డుకు అడ్డంగా పోసిన తారు కుప్ప. నడక వేగంతోనే ఎక్కించాను. ముందు చక్రాలు అవతలికి దిగగానే బండి పొట్ట ఆనింది. బరబరా గీరుకుంది. ఆ వెంటనే డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ డబ్బా గుర్తు వెలిగింది. ఇంజన్ ఆపేసి వంగి చూశాను. ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ పగిలి నల్లటి ఆయిల్ ధార కడుతోంది.

నాన్నను కదిలించొద్దని డాక్టర్లు మరీ మరీ చెప్పారు. కదిలించక తప్పలేదు. కిరాణా కొట్టాయన ఇంట్లోంచి నులక మంచం తెచ్చి నీడన వేశాడు. దుప్పటి నాన్న కిందికి జరిపి, తలా ఒక కొస పట్టుకుని నలుగురం మంచం మీదికి చేర్చాం. వేరే కారు దొరికేదాకా ఆయన కళ్లు తెరవలేదు. దాంట్లోకి ఎక్కించేటప్పుడు మాత్రం అరిచారు. నాన్న అలా అరవడం నేనెప్పుడూ వినలేదు.

చాంబర్ మార్పించాక హైదరాబాద్‌లో సస్పెన్షన్ పని బాగా తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను షాకబ్జర్ రాడ్డుకు అడుగున, గొట్టం మూతికి ఆనించి ఒక ప్లాస్టిక్ ట్యాగు బిగించాడు. నలుగురిని ఎక్కించుకుని మామూలు రోడ్డు మీద తిప్పుకురమ్మన్నాడు. తిరిగొచ్చి చక్రం విప్పితే ట్యాగు రాడ్డు పొడవునా పైకి జరిగి రబ్బరు స్టాపర్‌కు నొక్కుకుని ఉంది. "స్ప్రింగ్ మీద కాదన్నా, స్టాపర్ మీద నడుస్తుంది నీ బండి" అన్నాడు.

అప్పుడర్థమైంది. ఈ రకం కిట్‌లో రింగును ఎంత దింపితే రాడ్డు లోపలికి వెళ్లడానికి ఉన్న చోటు అంత తగ్గిపోతుంది. మనుషులెక్కితే మిగిలిందీ పోతుంది. ఆ దెబ్బలే నాన్న నడుముకు తగిలాయి. కనీసం పైకి ఎక్కిద్దామంటే మరల్లో బురద చేరి, తుప్పు పట్టి రింగు కదల్లేదు.

కొత్తది ఏది వేయాలో తేల్చుకోవడానికి చాలా చదివాను, చాలామందిని అడిగాను. కేడబ్ల్యూ కంపెనీ కాయిలోవర్లలో వేరియంట్ 1కు ఎత్తు ఒక్కటే మారుతుంది. 2లో షాక్ సాగే తీరు కూడా మార్చుకోవచ్చు, 3లో సాగడం, నొక్కుకోవడం రెండూ. బిల్‌స్టీన్ కంపెనీ బీ14లో ఎత్తు మాత్రమే, బీ16లో గట్టిదనానికి 10 మెట్లు. కింది బ్రాకెట్‌కు వేరే మరలు ఉండి, షాక్ పొడవునే తగ్గించుకునే కిట్లూ ఉన్నాయి. వాటిలో బండి దిగినా రాడ్డుకు చోటు తగ్గదు, కానీ చాంబర్ మాత్రం నేలకు అంతే దగ్గరవుతుంది. గట్టిదనం మీట ఎటు తిప్పినా నేలకూ బండికీ మధ్య పోయిన ఖాళీ తిరిగి రాదు. జర్మనీలో ఇలాంటి కిట్లు ముందు ఎంత, వెనక ఎంత దింపవచ్చో రాసిన కాగితంతో వస్తాయి. అమర్చాక టీయూవీ లాంటి సంస్థ తనిఖీ చేయాలి. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదంటుంది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదీ ఉంటుంది.

నేను కంపెనీ షాకబ్జర్లు, కంపెనీ స్ప్రింగులే వేయించాను. నాన్నను తర్వాతి చెకప్‌లకు అదే బండిలో తీసుకెళ్లాను. మధ్యలో ఎక్కడా దించాల్సిన పని పడలేదు.

కాయిలోవర్ల మీద నాకు కోపం లేదు. ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ మీద పరుగెత్తే బండికి అవి కావాలి. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి కొనబోయేవాళ్లకు మాత్రం చేతులెత్తి చెబుతున్నాను. బండి ఎంత దిగుతుందని షాపులో అడగకండి. ఐదుగురు కూర్చున్నాక చక్రం ఇంకా ఎంత పైకి లేవగలదో అడగండి. జవాబు మిల్లీమీటర్లలో చెప్పలేకపోతే అక్కడ డబ్బు కట్టకండి.