పొరుగింటి కిటికీ

దేవుని కృపను బట్టి 2018లో మా కుటుంబం సంఘపు పనిమీద ఒక సంవత్సరం ఉత్తర జర్మనీలోని ఒక చిన్న ఊరిలో నివసించింది. అక్కడి మేడల గురించి, రైళ్ల గురించి మీరు విన్నారు. దినదినము మేము గమనించిన చిన్న చిన్న తేడాలు కొన్ని చెబుతాము.

మొదటిది భోజనపు బల్ల దగ్గర. మన పల్లెల్లో "ఇంకొంచెం వడ్డించనా?" అంటే "వద్దండీ" అంటాము. ఆ మాటకు గరిటె ఆగదని ఇద్దరికీ తెలుసు. అక్కడ వద్దంటే వద్దే. గిన్నె అవతలికి వెళ్లిపోతుంది. మా పిల్లలు ఒక్క పూటలో ఇది నేర్చుకున్నారు. పెద్దవాళ్లం, మాకు నెల పట్టింది!

మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వారికి "డూ", "జీ" ఉన్నాయి. ఇంట్లో తండ్రినైనా "డూ" అంటారు. పొరుగువారు మాత్రం ఏళ్ల తరబడి "జీ"గానే ఉండిపోతారు. అయితే ప్రార్థనలో దేవుణ్ణి "డూ" అనే పిలుస్తారు. మనమూ "నీవు" అనే అంటాము కదా! అది విన్నప్పుడు పరాయిదేశంలో ఉన్నామనిపించలేదు.

1919 నాటి రాజ్యాంగంలోని ఆదివార విశ్రాంతి నియమాన్ని వారు 1949 రాజ్యాంగంలోనూ నిలుపుకున్నారు. అందుచేత ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. అయినా ఆ ఊరి మందిరంలో చాలా బల్లలు ఖాళీగా కనబడేవి. మన ఊళ్లలో ఆదివారం కూలికి పోయినవారు సహితం సాయంకాలం కాళ్లు కడుక్కొని ఆరాధనకు వస్తారు.

మా పక్కింట్లో ఎనభై ఏళ్లు దాటిన ఒక అమ్మగారు ఒంటరిగా ఉండేవారు. ముందుగా రోజు, వేళ అనుకోకుండా ఎవరూ ఆమె తలుపు తట్టరు. అది చూస్తే మాకు మనసు చివుక్కుమనేది. ఒక చలికాలపు ఉదయం తొమ్మిది దాటినా ఆమె కిటికీ తెర పైకి లేవలేదు. నమస్కారం తప్ప మాటలెరుగని ఎదురింటాయన, కోటైనా తొడుక్కోకుండా మంచులో పరుగెత్తివచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశారు. ఆమె స్నానాలగదిలో పడిపోయి ఉన్నారు. 112కు ఫోను చేయగా అంబులెన్సు వచ్చింది. ఆమె ప్రాణం దక్కింది. ఆయన ప్రతి ఉదయం ఆ కిటికీవైపు చూస్తారనీ, అది వారిద్దరూ ఎప్పుడో చేసుకున్న ఏర్పాటనీ మాకు అప్పుడు తెలిసింది.

మనం అడగకుండానే పొరుగింటి గడప దాటుతాము. వారు దాటరు, కాని ఒక కంట కనిపెట్టి ఉంటారు. ఇప్పుడు మన బిడ్డలు కూడా హైదరాబాదుకు, గల్ఫుకు, అమెరికాకు వెళ్తున్నారు. వెనుక ముసలి తల్లిదండ్రులు మిగులుతున్నారు. పండుగకు పలకరించేవారు చాలామందే ఉన్నారు. మరి ప్రతి ఉదయం చూసేదెవరు?

ప్రియులారా, మీ వీధిలో అటువంటి ఇల్లు ఒకటి ఎంచుకోండి. ఒక తాళంచెవి నమ్మకమైన పొరుగువారికి ఇచ్చి ఉంచమని ఆ పెద్దలకు చెప్పండి. పొద్దెక్కినా వాకిలి ఊడ్చి లేకపోతే, వెంటనే వెళ్లి పిలవండి. తలుపు తట్టే చనువు మనకు ఇంకా ఉంది.