ముక్కల పులుసులో కుందేలు

మాంసాన్ని కూరగాయలతో కలిపి వండడం గోదావరి డెల్టాకు కొత్త సంగతి కాదు. పెనుగొండ, ఆచంట, మార్టేరు ప్రాంతాల వంటిళ్లలో దోసకాయతో వేటమాంసం, చింతచిగురుతో రొయ్యలు, వంకాయతో ఎండురొయ్యలు పాతకాలం నుంచీ కుదిరిన జతలే. ఈ జతల్లో కూరగాయను కూర పెంచడానికి వేయరు. అది పులుపునో, తేమనో, చిక్కదనాన్నో ఇచ్చి మాంసంలోని కొరతను తీరుస్తుంది. కొవ్వు దాదాపు లేని కుందేలు మాంసానికి కావలసినవి సరిగ్గా ఆ మూడే కనుక, డెల్టాలో కుందేలు వండే అలవాటు అంతగా లేకపోయినా, దాన్ని వండదగిన పద్ధతి మాత్రం ఇక్కడ ఏనాడో సిద్ధంగా ఉంది.

ఇక్కడ కుందేలంటే ఏ కుందేలో ముందే తేల్చుకోవాలి. చేలగట్ల వెంట, తుప్పల్లో తిరిగే చెవులపిల్లిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్నది కాబట్టి దాన్ని వేటాడడం నేరం. వంటకు పనికివచ్చేది ఐరోపా కుందేలు సంతతికి చెందిన, న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా వంటి పేర్లతో ఫారాల్లో పెంచే జాతి. చెవులపిల్లి పిల్లలు కళ్లు తెరుచుకుని, ఒంటినిండా బొచ్చుతో పుడితే, పెంపుడు కుందేలు పిల్లలు కళ్లు మూసుకుని, బొచ్చులేకుండా పుడతాయి. మాంసంలోనూ తేడా ఉంది: మొదటిది ముదురు ఎరుపు, రెండవది కోడిమాంసంలా లేతరంగు. రెండు కిలోల బరువున్న ఫారం కుందేలు నుంచి సుమారు ఒక కిలో మాంసం వస్తుంది.

ఈ మాంసం స్వభావం తెలియకుండా వేపుడుకు దిగితే ముక్క పీచులా ఎండిపోతుంది. మాంసపు పోగులు ఎక్కువ వేడికి ముడుచుకుని తమలోని నీటిని బయటికి నెట్టేస్తాయి. మేకమాంసంలో ఆ లోటును కరిగిన కొవ్వు కొంత పూడుస్తుంది గానీ కుందేలుకు ఆ ఆసరా లేదు. అయితే కాళ్లలోని కీళ్ల దగ్గర కొల్లాజెన్ అనే బిగువైన పదార్థం ఉండి, సన్నని మంట మీద నీటిలో నిదానంగా ఉడికినప్పుడు జిగురుగా మారి, పులుసుకు నునుపునిస్తుంది. అందువల్ల ఇగురు కంటే, అంటే నీరంతా ఇంకించి మసాలాను ముక్కకు పట్టించే వంట కంటే, పులుసే దీనికి తగినది. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవారు ప్రెషర్ కుక్కర్‌ను వదలరు. లేత ఫారం కుందేలు అందులో ఎముక నుంచి ఊడి, పిప్పిగా మిగులుతుంది.

పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రంగా ప్రసిద్ధం. ఆ తల్లిని కులదేవతగా కొలిచే ఆర్యవైశ్యుల వంటిళ్లు శాకాహారానివి కాగా, అదే ఊరిలో మాంసం వండే ఇళ్లూ ఉన్నాయి. రెండు రకాల ఇళ్లకూ చెందిన వంట ముక్కల పులుసు. ములక్కాడ, చిలగడదుంప, ఆనపకాయ, గుమ్మడి, వంకాయ వంటి అనేక కూరగాయల్ని పెద్ద ముక్కలుగా తరిగి చింతపండు రసంలో ఉడికించే ఈ పులుసులో నేర్పంతా ఏ ముక్కను ఎప్పుడు వేయాలో తెలియడంలోనే ఉంది. కుందేలు ఆ వరుసలో మొదట చేరే ముక్క మాత్రమే.

కాబట్టి మాంసం కొట్టించే దగ్గరే పని మొదలవుతుంది. కుందేలు ఎముకలు సన్నవి, కత్తివేటుకు చీలి పులుసులో సూదుల్లా తేలతాయి. అందుకే కీళ్ల దగ్గర కోసి వెనక తొడలు, ముందు కాళ్లు, నడుము విడివిడిగా తీయాలి. నడుము మీద ముత్యపు రంగులో మెరిసే పలుచని పొర ఉడికినా మెత్తబడదు; దాన్ని కత్తిమొనతో ఎత్తి లాగేయాలి. కాలేయాన్ని పక్కన పెట్టి, ముక్కలకు ఉప్పు, పసుపు, కాస్త పెరుగు పట్టించి ఒక గంట ఉంచుతారు. తరువాత మట్టిదాకలో నువ్వులనూనె, కొవ్వులేని మాంసం కనుక కొంచెం ధారాళంగానే పోసి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద వేయించి, ముక్కలు రంగు తిరిగాక అవి మునిగేటన్ని వేడినీళ్లు పోసి మూత పెట్టాలి. మసాలా ఇక్కడ పరిమితంగా ఉండడం మేలు. రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, ధనియాల పొడి చాలు, అంతకు మించితే కుందేలు రుచి మిగలదు.

ముప్పావుగంట సన్నని సెగ తరువాత ములక్కాడ, చిలగడదుంప, మరికాసేపటికి వంకాయ, ఆనపకాయ వేస్తారు. కంద వేయదలిస్తే, దురద కలిగించే ఆక్సలేట్ స్ఫటికాలు దానిలో ఉంటాయి గనుక, ముందే చింతపండు నీళ్లలో విడిగా ఉడికించి వార్చుకోవాలి. మిగిలిన కూరగాయల విషయంలో నియమం తిరగబడుతుంది: పులుపు తగిలితే ముక్క మెత్తబడడం ఆలస్యమవుతుంది కాబట్టి, నిమ్మకాయంత చింతపండు రసాన్ని అవి ఉడికిన తరువాతే పోయాలి. గసగసాలు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద దాని వెంట వెళుతుంది. కాలేయం చివరి ఐదు నిమిషాలకు వేస్తే చాలు.

కుందేలును జాతీయ వంటకంగా చెప్పుకునే మాల్టా ద్వీపంలో చింతపండు చేసే పనిని ద్రాక్షసారా, టమాటా చేస్తాయి. అక్కడి విందులో ముందుగా ఆ పులుసును స్పగెట్టీలో కలుపుకుని తిని, తరువాత మాంసం ముక్కల్ని వేరే వంతుగా వడ్డించుకుంటారు. డెల్టాలో ఆ రెండు వంతులూ ఒకే విస్తరిలో జరిగిపోతాయి. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకం బియ్యపు అన్నంలో కలిసేటంత పలుచగా, ముక్కను అంటుకునేటంత చిక్కగా పులుసు ఉండాలి. మరీ జారుగా కనిపిస్తే చెంచాడు బియ్యప్పిండిని నీళ్లలో కలిపి పోసి, రెండు పొంగులు రానిచ్చి, కొత్తిమీర వేసి దించుతారు.