పరీక్ష అయ్యాక అంతర్వేది

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో మాఘమాసం వచ్చిందని పంచాంగం చూసి తెలుసుకోనక్కర్లేదు. జిరాక్సు కొట్ల ముందు జనం పెరుగుతారు, మెస్సుల్లో మాటలు తగ్గుతాయి, అర్ధరాత్రి దాటాక కూడా గల్లీలో టీ దొరుకుతుంది. అన్నీ గేట్ పరీక్ష లక్షణాలు. ఈ 2026లో ఫిబ్రవరి 7, 8, 14, 15 తేదీల్లో పెట్టారు. మొన్నటిదాకా డాబాల మీద ఎండ కాగుతూ బఠాణీలు నమిలిన మన పిల్లలు ఇప్పుడు సంజయ్ వన్‌లో నడకకి కూడా నోట్సు పట్టుకెళ్తున్నారు. పక్కనే ఉన్న సంస్కృత విశ్వవిద్యాలయం వాళ్ళే కాస్త నిమ్మళంగా కనబడుతున్నారు.

ఇందులో కోనసీమ పిల్లల బాధ వేరు. అంతర్వేది తీర్థం ఎప్పుడూ ఈ పరీక్షల చుట్టుపక్కలే వచ్చి పడుతుంది. మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఈ ఏడు ఏకాదశి జనవరి 29నే వచ్చేసింది. మా పక్కగది రాజోలు కుర్రాడికి వాళ్ళమ్మ వీడియో కాల్‌లో రథం చూపించింది. “ఆయ్, కనబడతందమ్మా” అంటూనే కుడిచేత్తో లెక్క చేసుకుంటున్నాడు. రథం స్వామివారి చెల్లెలు గుర్రాలక్క గుడికెళ్ళి చీర ఇచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయింది.

నన్నడిగితే, తీర్థానికి పోలేదని అంత దిగులు పడక్కర్లేదు. ఆ జనంలో రథం పైకొస తప్ప ఊరు కనబడదు. ఊరు చూడాలంటే పరీక్ష అయ్యాక, పందిళ్ళు విప్పేశాక వెళ్ళాలి.

ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి దిగి, రావులపాలెం, రాజోలు మీదుగా బస్సులో పోవచ్చు. నేను మాత్రం నరసాపురం నుంచి గోదావరి దాటే పంటు ఎక్కమంటాను. మోటారు సైకిళ్ళు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్ళివారు, అందరూ ఒకే చెక్కల మీద. “ఎంతసేపండీ?” అంటే “ఇదిగో, వచ్చేత్తందండి” అంటారు. అవతలి ఒడ్డున సఖినేటిపల్లి. అక్కణ్ణుంచి ఆటోలో కొబ్బరితోటల మధ్యగా అంతర్వేది.

ఇప్పుడున్న గుడిని ఓడల యజమాని కొపనాతి కృష్ణమ్మ కట్టించారు, 1823లో పూర్తయింది. సముద్రం మీద బతికినవాడు సముద్రం ఒడ్డునే దేవుడికి ఇల్లు కట్టడం నాకు భలే నచ్చుతుంది. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయినప్పుడు ఢిల్లీలో ఉన్నవాళ్ళం కూడా ఫోన్లు వదల్లేదు. మరుసటి భీష్మ ఏకాదశికి కొత్త టేకు రథం తయారైంది.

దర్శనం అయ్యాక అసలు సంగతి. వశిష్ఠ గోదావరి గట్టెక్కి సముద్రం వైపు నడవండి. పెద్ద దూరమేమీ కాదు, ఎండెక్కకముందు బయల్దేరితే చాలు. కుడివైపు నది, దానికవతల నరసాపురం వైపు ఒడ్డు, ఎడమవైపు సరుగుడు చెట్లు. పల్లిపాలెం దగ్గర ఇసకలో పాత వలలు పరిచి నెత్తళ్ళు ఎండబెడతారు. ఆడవాళ్ళు చీపురుతో వాటిని తిరగేస్తూ కాకుల్ని, పర్యాటకుల్ని ఒకే గొంతుతో అదిలిస్తారు. తొక్కేరు జాగ్రత్త! సముద్రం తమ ఇళ్ళవైపు జరుగుతోందన్నది అక్కడ ఎవరిని కదిపినా చెప్పే మాట. లైట్‌హౌస్ దాటాక సంగమం. మట్టిరంగు గోదావరి, నీలిరంగు సముద్రం ఒకదాన్నొకటి ఒరుసుకునే ఆ చోటుని అన్నాచెల్లెళ్ళ గట్టంటారు. స్నానం చేసేవాళ్ళు ఒడ్డు దగ్గరే చెయ్యండి, అక్కడ లాగుడెక్కువ.

భోజనానికి పులస అడిగి నవ్వులపాలు కాకండి. అది వరదనీటి చేప, శ్రావణానికి రావాలి. ఇప్పుడైతే రొయ్యల ఇగురో, చందువా పులుసో పెడతారు, దానికేం తక్కువ!

ఢిల్లీ మంచుకి రైళ్ళు ఇంకా కుంటుతూనే ఉన్నాయి, అవతల బస్సు అందుతుందని గట్టిగా నమ్ముకోకండి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి మార్చి బెర్తులు చాలావరకు ఈపాటికే అయిపోయి ఉంటాయి. తత్కాల్‌కి పొద్దున్నే లేవగలిగినవాళ్ళు లేవండి. వచ్చేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు తెస్తే చేతిసంచిలో పెట్టుకోండి. బెర్తు కింద సూట్‌కేసులో పెడితే కటవారియా సరాయ్‌కి పొడి చేరుతుంది.