దుమ్ముకీ ఓ ధరుంది!

చలికాలంలో ప్యారిస్ చూడ్డానికి వెళ్లేవాళ్లు తక్కువ. ముసురు, ఈదురుగాలి, సాయంత్రం ఆరు కొట్టకముందే చీకటి. అయినా ఏటా జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో కొద్దిరోజుల పాటు నగరం దక్షిణపు కొసకు వెళ్లే పన్నెండో నంబరు మెట్రో కిటకిటలాడుతుంది. పోర్ట్ ద వెర్సాయ్ స్టేషన్లో దిగి మెట్లెక్కి పైకొస్తే ఎదురుగా పెద్దపెద్ద ఎగ్జిబిషన్ హాళ్లు. అక్కడ జరిగేది పాత కార్ల జాతర. పేరు రెట్రోమొబిల్. 1976లో మొదలైంది.

జాతర అన్నమాట ఊరికే అన్నది కాదు. ఓ పక్క అద్దంలా మెరిసే బుగాటీలు, ఫెరారీలు తాళ్ల వెనక నిలబడి ఉంటాయి. ఇంకో పక్క పాత హెడ్‌లైట్లు, స్టీరింగ్ చక్రాలు, పెట్రోలు బంకుల రేకు బోర్డులు, బొమ్మ కార్లు, నూనె మరకలు అంటిన మాన్యువల్ పుస్తకాలు బల్లల మీద పరిచి ఉంటాయి. తాను డ్రైవింగు నేర్చుకున్న కారు కనిపిస్తే తాతలు మనవళ్లను ఆపి మరీ చూపిస్తుంటారు. ఇదంతా ఒక ఎత్తు. ఆ హంగామా మధ్యే జరిగే వేలం పాటలు మరో ఎత్తు.

2015 ఫిబ్రవరి 6న ఆర్ట్‌క్యూరియల్ సంస్థ అక్కడ నిర్వహించిన పాటలో ఒక కారు పలికిన ధర కోటీ 62 లక్షల 88 వేల యూరోలు. అప్పటి మారకం రేటులో దాదాపు 115 కోట్ల రూపాయలు! అది మెరిసే కారు కాదు. ఒళ్లంతా దుమ్ము. దశాబ్దాలుగా కదలని చక్రాలు. వేలానికి ముందు కనీసం తుడవను కూడా లేదు. మసక వెలుతురులో, దుమ్ముతో సహా ప్రదర్శనకు పెడితే జనం వరస కట్టి చూశారు.

ఆ కారు దొరికిన తీరే ఓ కథ. పశ్చిమ ఫ్రాన్స్‌లోని ఒక పల్లెలో రోజే బైయోన్ అనే రవాణా వ్యాపారి ఉండేవాడు. యుద్ధానికి ముందు తయారైన గొప్ప కార్లు పాత ఇనుము కొట్లకు పోతుంటే చూడలేక, 1950ల నుంచి ఒక్కొక్కటే కొని పోగేశాడు. మ్యూజియం పెట్టాలని కోరిక. 1970ల్లో వ్యాపారం దెబ్బతింది. కొన్ని కార్లు అమ్మేయాల్సి వచ్చింది. మిగిలినవి తోటలో వేసిన రేకుల షెడ్ల కింద అలాగే ఉండిపోయాయి. 2014లో వారసులు పిలిస్తే ఆర్ట్‌క్యూరియల్ నిపుణులు వెళ్లారు. రేకులు వంగిపోయి, తీగలు కార్ల లోపలిదాకా పాకి, అరవై దాకా బళ్లు కనిపించాయి. మూసి ఉన్న ఓ గ్యారేజీలో పాత పత్రికల కట్టల కింద ఉన్నది ఈ ఫెరారీ.

1961 నాటి ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్. ఒక్కో సిలిండరు 250 సీసీ. అలాంటివి పన్నెండు. కలిపితే మూడు లీటర్ల ఇంజిను. మోడల్ పేరులోని 250 అదే. పొట్టి ఛాసిస్ మీద తయారైన ఈ రకం కార్లు మొత్తం 56 మాత్రమే. అందులోనూ హెడ్‌లైట్లకు గాజు మూతలున్నవి ఇంకా తక్కువ. ఇది గాజు మూతల కారు. పైగా ఫ్రెంచి సినిమా అందగాడు అలెన్ డెలాన్ ఒకప్పుడు దీన్ని నడిపాడు. 1964లో షూటింగు సమయంలో జేన్ ఫోండాను పక్కన కూర్చోబెట్టుకుని ఇదే కారులో దిగిన ఫొటోలున్నాయి. బైయోన్ దాన్ని 1971లో కొన్నాడు.

వేలంవాళ్లు ముందే వేసిన అంచనా 95 లక్షల నుంచి కోటీ 20 లక్షల యూరోలు. సుత్తి దెబ్బ పడింది కోటీ 42 లక్షల దగ్గర. కమీషను, పన్ను కలిపితే పైన చెప్పిన మొత్తం. ఇంతా పోసి కొన్నవాడికి పిచ్చా?

చింతపండు పెట్టి తోమితే...

మామూలు లెక్క అందరికీ తెలిసిందే. ఒక పాత అంబాసిడర్‌ను పూర్తిగా బాగుచేయించాక పది లక్షలు పలుకుతుందనుకుందాం. టింకరింగ్, పెయింటింగ్, ఇంజిన్ పని, సీట్లు కలిపి ఆరు లక్షలు అవుతాయనుకుందాం. అప్పుడు బాగుచేయని బండి నాలుగు లక్షలకు మించకూడదు. అంతకు పైన ఒక్క రూపాయి ఇచ్చినా నష్టమే. నిజానికి సొంతానికి వాడుకునే కార్లన్నిటికీ ఇదే లెక్క సరైనది.

అరుదైన కారు దగ్గర మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. పాత నాణేల సరదా ఉన్నవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. నల్లబడ్డ రాగి నాణేన్ని చింతపండు పెట్టి తళతళా తోమి తీసుకెళ్తే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. పోయింది నలుపు ఒక్కటే కాదు, నాణెం వయసుకు సాక్ష్యం కూడా. కార్ల సేకర్తల్లోనూ ఇదే మాట: బండి ఎన్నిసార్లయినా కొత్తదవుతుంది, ఒరిజినల్‌గా ఉండేది ఒక్కసారే.

కాలిఫోర్నియా స్పైడర్ బాడీలు మోడెనాలోని స్కాలియెట్టి షెడ్డులో చేత్తో కొట్టి తయారుచేసినవి. ఒక కారు డోరు ఇంకో కారుకు సరిగ్గా అతకదు. ఎక్కడ ఎలా వంచారు, లోపలి అతుకులు ఎలా వేశారు, తోలు కింద ఏం పరిచారు... ఇవన్నీ ముట్టని కారులోనే కనబడతాయి. బాగుచేసిన కారులో కనిపించేది బాగుచేసినవాడి పనితనం. అది ఎంత గొప్పదైనా కావచ్చు, కానీ 1961 నాటిది కాదు.

ఇంకో కారణం మోసం. ఫెరారీల ధరలు పెరిగినకొద్దీ నకళ్లు పుట్టుకొచ్చాయి. అప్పట్లో చవగ్గా దొరికిన నాలుగు సీట్ల 250 జీటీఈ కార్లను కోసి, ఖరీదైన మోడళ్ల రూపం తొడిగిన సంగతి ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. 1986లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ఫెరిస్ బ్యూలర్స్ డే ఆఫ్’లో అద్దాల గ్యారేజీలోంచి లోయలో పడే ఎర్రకారు గుర్తుందా? అది కాలిఫోర్నియా స్పైడరే అనుకున్నవాళ్లు చాలామంది. నిజానికది ఫైబర్‌గ్లాస్ నకలు. కొన్ని అరుదైన కార్ల విషయంలో ఒకే ఛాసిస్ నంబరు మాదంటే మాదని ఇద్దరు వాదించుకునే దాకా పోయింది వ్యవహారం. అలాంటి బజార్లో, 1971 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉండి, దశాబ్దాలుగా స్పానరు తగలని కారు దొరికితే? ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజిను మీది నంబరు, కాగితాల్లోని నంబరు, మన ఆర్సీ బుక్కు లాంటివన్న మాట, ఒకదాన్నొకటి బలపరుస్తాయి. మీద పేరుకున్న దుమ్ము ఆ సాక్ష్యానికి సీలు లాంటిది. దుమ్ముకు ధర పలికింది అందుకే. ఊరికే మురికి అయితే ఎవడిస్తాడు?

అయినా ఈ ఫెరారీ ధరలో డెలాన్ వాటా ఎంత, కారు వాటా ఎంత అని అడిగితే తేల్చడం కష్టం. 2008లో ఫెరారీ సొంతూరు మరనెల్లోలో నటుడు జేమ్స్ కోబర్న్ వాడిన ఇదే రకం కారు, చక్కగా బాగుచేయించినది, 70 లక్షల 40 వేల యూరోలు పలికింది. ఏడేళ్లలో బజారు బాగా పెరిగింది కాబట్టి రెండు ధరలనూ పక్కపక్కన పెట్టి చూడటం న్యాయం కాదు. అంచనా కన్నా పైన పడిన డబ్బు మాత్రం చాలావరకు సినిమా మెరుపుకు ఇచ్చిందే అనిపిస్తుంది. ధర ఎక్కువే. కానీ గుడ్డిగా ఇచ్చింది కాదు. బండి నిర్మాణం నిలిచి ఉంది. కొన్నవాడు కావాలంటే అలాగే ఉంచుకోవచ్చు, లేదంటే బాగుచేయించుకోవచ్చు. రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

నీళ్లలోంచి లేచిన కారు

అసలు అలాంటి కొనుగోలుకు మంచి ఉదాహరణ అంతకు ఆరేళ్ల ముందే రెట్రోమొబిల్‌లో కనిపించింది. 1937 నాటి బుగాటి 57ఎస్ అటలాంట్. మొదటి యజమాని బ్రిటిష్ రేసింగ్ డ్రైవర్ల క్లబ్బు తొలి అధ్యక్షుడు ఎర్ల్ హోవ్. 1955లో ఇంగ్లండులోని న్యూకాజిల్ ప్రాంతపు డాక్టరు ఒకాయన కొన్నాడు. కొన్నేళ్లు నడిపి, 1960ల మొదట్లో ఇంటి గ్యారేజీలో పెట్టేశాడు. 2007లో ఆయన పోయాక గానీ చుట్టాలకు దాని విలువ తెలియలేదు. మీటరు మీద 26,284 మైళ్లు. 2009 ఫిబ్రవరి 7న బోన్‌హామ్స్ సంస్థ వేలంలో 34 లక్షల 17 వేల 500 యూరోలు పలికింది. ఆ కారుకు సినిమా తారలు అక్కర్లేదు. మొదటి యజమాని ఎవరో తెలుసు, చివరి యజమాని ఎవరో తెలుసు. గ్యారేజీ పొడిగా ఉంది, కారు చెదరలేదు. ధర ఎక్కువా తక్కువా అని వాదించడానికి ఇక్కడ పెద్దగా చోటు లేదు.

మరుసటి ఏడాది, 2010 జనవరి 23న, అదే సంస్థ అదే రెట్రోమొబిల్‌లో ఇంకో బుగాటిని పాటకు పెట్టింది. 1925 నాటి బ్రెషియా. ఇది స్విట్జర్లాండులోని అస్కోనా ఊరి దగ్గర మాజోరే సరస్సు అడుగున 53 మీటర్ల లోతులో 70 ఏళ్లకు పైగా పడి ఉంది. 1930 మొనాకో గ్రాండ్ ప్రీ విజేత రెనె ద్రేఫ్యూస్ దీన్ని పేకాటలో పోగొట్టుకున్నాడని ఓ కథ. అది నిజమో కాదో గానీ, దిగుమతి సుంకం కట్టకుండా వదిలేసిన బండిని కస్టమ్స్‌వాళ్లు గొలుసు కట్టి సరస్సులోకి దించారని, గొలుసు తుప్పు పట్టి తెగిపోయిందని చెబుతారు. 1967లో ఓ డైవరు దాన్ని కనిపెట్టాడు. 2009 జులైలో స్థానిక డైవింగ్ క్లబ్బు పైకి తీసింది. దాడిలో చనిపోయిన ఆ ప్రాంతపు కుర్రాడి పేరిట ఏర్పడిన సంస్థకు డబ్బు కూడబెట్టడం కోసం.

ఒక పక్కంతా తుప్పు తినేసింది. చూడటానికి అస్థిపంజరంలా ఉంటుంది. అంచనా 70 నుంచి 90 వేల యూరోలు. పలికింది 2 లక్షల 60 వేల 500! దీన్ని కారుగా లెక్కేస్తే ఒక్క యూరో కూడా ఎక్కువే. ఎందుకంటే బాగుచేయడం మొదలుపెడితే మిగిలేది కొత్త బుగాటి. ఆ తుప్పే దాని అందం. కొన్నది అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన ములిన్ ఆటోమోటివ్ మ్యూజియం. నడపడానికి కాదు, అలాగే చూపించడానికి. మ్యూజియానికి సబబైన ధర ఇంటి గ్యారేజీకి సబబు కాదన్నమాట.

ఇలా ముట్టకుండా ఉంచడం ఇప్పుడు ఏదో కొద్దిమంది పిచ్చి కాదు. అమెరికాలోని పెబుల్ బీచ్ పోటీల్లో 2001 నుంచి బాగుచేయని కార్లకు విడిగా విభాగముంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2013లో టూరిన్ చార్టర్ అమల్లోకి తెచ్చింది. పాత కట్టడాల కోసం 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్ లాంటిదే. ఉన్నది కాపాడటం ముందు, మార్చడం తరవాత అన్నది దాని సారం.

ఈ ఫ్యాషన్‌కు ఇంకో ముఖం కూడా ఉంది. 2015లో బైయోన్ కార్లు 59 అమ్మకానికి పెడితే 59కీ కొనేవాళ్లు దొరికారు. మొత్తం రెండున్నర కోట్ల యూరోలకు పైనే. ఫెరారీని తీసేస్తే మిగిలిన 58 కార్లకూ కలిపి వచ్చింది 90 లక్షలకు దగ్గరగా. అందులో ఒక్క మాసెరాటీ ఏ6జీకే 20 లక్షల దాకా పలికింది. దానికైతే ఆ స్థాయి ఉంది. కానీ ఆ షెడ్లలో పైకప్పు కూలి, ఫ్రేములు కుళ్లి, ఇంజిను ఏదో బాడీ ఏదో తెలియని శిథిలాలూ ఉన్నాయి. సాక్ష్యంగా చూపించడానికి వాటిలో మిగిలింది తక్కువ, బాగుచేయించే ఖర్చు మాత్రం కొండంత. వాటిని పోటీపడి కొన్నవాళ్లు పక్కనున్న ఫెరారీ వెలుగులో తమ కారును చూసుకున్నారేమో!

రెట్రోమొబిల్‌లో తక్కువ ధర కార్లకు ప్రత్యేకంగా చోటిస్తుంటారు. అక్కడ తాళ్లుండవు, మసక దీపాలుండవు. 1948 నుంచి 1990 దాకా 38 లక్షలకు పైగా తయారైన సిట్రోయెన్ 2సీవీలు, ఇంటి మనుషుల్లా కనిపించే చిన్న రెనోలు. వీటిలో అరుదైనదేమీ లేదు కాబట్టి తుప్పుకు తుప్పు విలువే. కొనొచ్చినవాళ్లు కోటు విప్పి భార్య చేతికిచ్చి, నేలమీద మోకాళ్లేసి, టార్చిలైటుతో ఫ్లోరు కింద వెతుకుతారు. డోరు అంచున అయస్కాంతం ఆనించి చూస్తారు. అతుక్కుంటే రేకు, జారిపోతే పుట్టీ. పక్కన అమ్మేవాడు చేతులు జేబుల్లో పెట్టుకుని, ఎటో చూస్తూ నిలబడతాడు.