మా యింటి సముద్రమునకు ఇసుక

మేము బౌద్ధనగర్‌లో ఒక యిఱుకు వీధిలో, రెండవ యంతస్తున కాపురముందుము. సముద్రము మాకు వందలకొలది కిలోమీటర్ల దూరము. ఈ నగరమా, సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల యెత్తున నున్నది. ఇట్టి చోట గాజుతొట్టిలో సముద్రమును నిలుపవలెనను కోరిక నాకేల కలిగెనని చదువరులు నవ్వవచ్చును. అందులకు కారణము మా తాతగారు. ఆయన కాకినాడలో పుట్టి పెరిగినవారు. నాయనమ్మ గతించిన పిదప మాతో నుండుటకు వచ్చిరి. వచ్చిన కొలది దినములకే ఒక సాయంకాలము వసారాలో కూర్చుండి, "ఇక్కడి గాలిలో ఉప్పు లేదురా అబ్బాయీ" అనిరి. ఆ మాట నా మనస్సున నాటుకొన్నది.

కూడబెట్టిన సొమ్ముతో నేనొక పాత తొట్టిని కొంటిని. అది 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 45 ఎత్తు గలది. లీటరు నీటికి 35 గ్రాముల చొప్పున సముద్రలవణము కలిపి, నారింజవన్నె మీద తెల్లని పట్టెలు గల క్లౌన్ చేపలను రెండింటిని అందు విడిచితిని. తాతగారు తమ కుర్చీని వసారా నుండి తొట్టి యెదుటికి మార్చుకొనిరి.

చిక్కు అటుపిమ్మట వచ్చినది. చేపలు విసర్జించు అమ్మోనియాను కొన్ని సూక్ష్మజీవులు నైట్రైటుగాను, మఱికొన్ని నైట్రేటుగాను మార్చును. ఆ నైట్రేటు నీటిలో నానాటికి పేరుకొనును. దానిని వెడలించుటకు మాటిమాటికి నీరు మార్చవలెను. నీరు మార్చినప్పుడెల్ల లవణము కొనవలెను. మఱియొక యుపాయము అడుగున లోతుగా ఇసుక పఱచుట. నాలుగంగుళములు, అంతకు మించియు లోతున్నచో అడుగుపొరలకు ప్రాణవాయువు చేరదు. అచ్చటి సూక్ష్మజీవులు నైట్రేటులోని ప్రాణవాయువును లాగుకొని, మిగిలిన నత్రజనిని బుడగలుగా విడిచిపెట్టును. మోనాకోలో జోబేర్ అను శాస్త్రవేత్త ఇట్టి ఇసుకపానుపుతోనే పగడములను పెంచి చూపెను.

నేను చదివినది సరియే; చేసినది తప్పు. మా వీధిలో కట్టుచున్న యింటి ముంగిట రాతిపొడి కుప్ప యుండెను. కంకర మరలలో రాతిని నలుగగొట్టి చేయు ఈ పొడిని మావైపు రోబో ఇసుక యందురు. మేస్త్రీ నడుగగా నవ్వి, కావలసినంత తీసికొమ్మనెను. ఊరక వచ్చినదను సంతోషములో సరిగా కడుగకయే తొట్టిలో నింపితిని. అందలి మెత్తని ధూళి అడ్డములేక దిగి బంకమన్నువలె గట్టిపడెను. నీరు చొరలేదు, పురుగు చొరలేదు. రెండు నెలలకు గాజు ప్రక్కను నల్లని మరకలు కనబడెను. అది మురికి యనుకొని ఒక రాత్రి చేయి ముంచి అడుగు వఱకు కలియబెట్టితిని. వెంటనే కుళ్లిన గ్రుడ్డు వాసన గుప్పుమనెను. నైట్రేటు అయిపోయిన చోట సూక్ష్మజీవులు సల్ఫేటు నాశ్రయించి హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువును పుట్టించునని అప్పటికి నేను చదువలేదు. తెల్లవారునప్పటికి చేపలలో నొకటి పైకి తేలియుండెను. రెండవదానిని బకెట్టు నీటిలోనికి మార్చి యెట్లో బ్రదికించితిని. తాతగారు నన్నొక మాటయైన అనలేదు. చనిపోయినదానిని కాగితములో చుట్టి మల్లెకుండీలో పాతిపెట్టిరి. తిట్టియుండిన నాకు తేలికగా నుండెడిది.

ఇక మంచి ఇసుక కొఱకు వెదుకులాట. అంగళ్లలో విదేశపు అరగొనైటు ఇసుక దొరకును. అది సున్నపురాతి జాతిది, తెల్లనిది, చక్కనిది. ఎంత కావలెనో లెక్కగట్టితిని: 60 × 30 × 10, అనగా 18,000 ఘనసెంటీమీటర్లు, 18 లీటర్లు. లీటరుకు కిలోన్నర చొప్పున 27 కిలోలు. వెల వేసి చూడగా నా సంవత్సరపు పుస్తకముల వెలను మించినది. నాన్నగారు ఆ కాగితమును చదివి, మడచి, మాటలాడక తిరిగి నా చేతికిచ్చిరి. అది నెలాఖరు.

విశాఖపట్టణములో నున్న మామయ్య ఒక బస్తా సముద్రపుటిసుక రైలులో పంపెదననెను. నాకు ప్రాణము లేచి వచ్చినది. తాతగారు మాత్రము తల అడ్డముగా నూపిరి. తీరపుటిసుకను త్రవ్వి తీయరాదని 1991 నుండి తీరప్రాంత నిబంధనలున్నవి. పైగా విశాఖ, భీమునిపట్టణముల తీరపుటిసుకలో ఇల్మెనైటు మొదలగు నల్లని బరువు ఖనిజములు కలిసియుండును. మామయ్య యింట నెప్పుడో సీసాలో దాచిన పిడికెడిసుక మా యొద్ద నున్నది. దానికి అయస్కాంతము చూపగా నల్లని రేణువులు మీసములవలె లేచి అంటుకొన్నవి. పగడపుముక్కల మాట తలపెట్టనే రాదు. పగడములు 2001 నుండి వన్యప్రాణి చట్టపు రక్షణలో నున్నవి.

ఒకనాడు వాన వెలిసిన పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో నడచుచు, బండల మధ్య వాన తెచ్చి పోసిన ఇసుకను గుప్పెడు చేతిలోనికి తీసికొంటిని. ఆ గ్రానైటుబండలు సుమారు 250 కోట్ల యేండ్ల నాటివి. అవి యరిగి యరిగి ఈ రేణువులైనవి. ఇంటికి తెచ్చి సిర్కా చుక్కలు వేసితిని. సున్నపు జాతియైన పొంగవలెను, ఇది పొంగలేదు. తాతగారు కుర్చీలో నుండియే చూచి, "సున్నము కావలెనా? గుల్లలు తేరాదా!" అనిరి. ఆయన చిన్నతనమున కాకినాడ అఖాతపు గుల్లలను బండ్లకెత్తి సున్నపుబట్టీలకు తోలుకొనిపోవుట చూచినవారు. హైదరాబాదులో గుల్లలెక్కడివని నేను నవ్వితిని. "గ్రుడ్లుపెట్టు కోళ్లకేమి పెట్టుదురో అడిగి చూడు" అనిరి.

అడిగితిని. వారాసిగూడలోని దాణా యంగడిలో షెల్ గ్రిట్టను పేరున నలుగగొట్టిన గుల్లలు గోనెసంచిలో నుండెను. కిలో వెల వినగానే మఱల నడిగితిని, పొరపాటేమోయని. ఇంటికి తెచ్చి సిర్కా చుక్క వేయగా బుసబుస పొంగెను. తాతగారి ముఖమును ఆ క్షణమున చూడవలసినది!

ఐనను గ్రిట్టు ముతకది. ఇరువదియేడు కిలోలను దంచుట అమ్మ రోటికిని నా చేతులకును మించిన పని. మఱికొంత చదువగా నొక సంగతి తెలిసినది. సముద్రజలపు క్షారగుణము ఎనిమిదికి పైగా నుండుటచే సున్నము పై నీటిలో కరుగదు. ఆమ్లగుణము పుట్టు అడుగుపొరలలోనే మెల్లగా కరుగును. కావున ఇసుక యంతయు సున్నపుదే కానక్కఱలేదు. సూక్ష్మజీవులకు కావలసినది లోతును, సన్నని సమానమైన రేణువులును. అవి ఏ దేశము నుండి వచ్చినవో వాని కక్కఱలేదు. నీటిని వడగట్టు యంత్రములలో పోయు పలుగురాతి ఇసుక అట్టిదే: అరమిల్లీమీటరు రేణువు, జల్లించినది, ధూళి లేనిది. ఏబది కిలోల బస్తా కొంటిని. ఇరువదిరెండు కిలోలు నేనుంచుకొని, మిగిలినది తార్నాకలో ఉప్పునీటి తొట్టి పెట్టుకొన్న యొక పెద్దమనిషికి సగము వెలకిచ్చితిని. ఆయన కొసరుగా తన తొట్టిలోని సజీవమైన ఇసుకను, పురుగులతో సహా, ఒక గిన్నెడు పెట్టిరి. ఆ గిన్నెడు నాకు బస్తా కన్న విలువైనది.

అయిదు కిలోల గుల్లలను దంచి జల్లించితిమి. దంచినది నేను, జల్లెడ పట్టినది తాతగారు. మొత్తము ఇసుకను పండ్రెండు బకెట్ల నీటితో తేరువఱకు కడిగితిని. మొదట నొక గాజు సీసాలో కొంత వేసి పదిదినములు చూచి, పిమ్మటనే తొట్టిలో పఱచితిని. ఈసారి చేయి పెట్టలేదు.

మూడు నెలలైనది. నైట్రేటు పరీక్షలో ముదురెఱుపు వచ్చెడి నీరు ఇప్పుడు నారింజకు దిగి, పసుపు వైపు మొగ్గుచున్నది. గాజు ప్రక్క ఇసుక నడుమ ఆవగింజలంత బుడగలు నిలిచియున్నవి. అవేమని తాతగారడిగిరి. నత్రజని యంటిని. ఆయన కండ్లద్దములు సవరించుకొని ఇంకను దగ్గఱగా వంగి చూచిరి. మిగిలిన సొమ్ముతో రెండవ చేపను తేవలెనని నాకున్నది గాని, దసరా వఱకు ఆగుమనిరి.