నలుగురికి నాలుగు బోర్డులు

నంద్యాలలో మే నెల ఎట్లుంటుందో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 45 డిగ్రీలు దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు. పోయిన మేలో అట్లాంటి ఒక మధ్యాహ్నం హాస్టల్ గదిలో ఫ్యాన్ వేడిగాలినే గుండ్రంగా తిప్పుతుంటే, మా సివిల్ వాడు ఫోన్‌లో ఒక వీడియో పెట్టాడు. ఒకామె రెండు కాళ్లూ ఒకే పలకకి బిగించుకొని, తెల్లటి కొండ మీద నుంచి పాములాగా మెలికలు తిరుగుతూ కిందికి జారిపోతోంది. స్నోబోర్డింగ్. మేం నలుగురం నోరు తెరుచుకొని చూశాం. కరెంటు పోయింది. ఆ చీకట్లోనే వాడన్నాడు: "ప్లేస్‌మెంట్లు మొదలయ్యేలోపు మనం ఇది చేయాలబ్బా."

మా బ్యాచ్‌లో మమ్మల్ని బ్రాంచి పేర్లతోనే పిలుస్తారు. సివిల్, మెక్, ఈసీఈ, నేను సీఎస్‌ఈ. మా నలుగురిలో ఎవరికీ మంచుతో పరిచయం లేదు. స్కూల్లో ఉన్నప్పుడు విహారయాత్రకని హైదరాబాదు తీసుకుపోతే అక్కడి స్నో వరల్డ్‌లో ఒక గంట వణికిన అనుభవం నాది. 2004లో పెట్టిన ఆ మెషిను మంచే మాకు హిమాలయం.

ఆ రాత్రే నేను ఒక షీటు తెరిచాను. సీఎస్‌ఈ వాడికి వేరే ఏం చేతనవుతుంది? నాలుగు వరసలు, నలుగురి పేర్లు. ఎత్తు, బరువు, పాదం కొలత, ముందు పెట్టే కాలు, పెట్టగలిగే డబ్బు. కింద ఇంకో పట్టిక: ఎక్కడికి పోవాలి.

ఎక్కడికి?

సివిల్ వాడి ఓటు గుల్మార్గ్‌కి. వాడి కారణం మంచు కాదు, చీనాబ్ వంతెన. 2025 జూన్ 6న ప్రారంభమైన ఆ రైలు వంతెన నది మీద 359 మీటర్ల ఎత్తున ఉంది. దాని పునాదుల దగ్గర కొండరాయిని ఎట్లా నిలబెట్టాలన్న పనిలో పదిహేడేళ్లు సలహాదారుగా ఉన్న ప్రొఫెసర్ మాధవీలత గారు ప్రకాశం జిల్లా ఆడబిడ్డ. "రైల్లో ఆ వంతెన దాటి శ్రీనగర్‌లో దిగుదాం, అక్కడ్నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్లే" అన్నాడు. నిజానికి మంచు విషయంలో కూడా మన దేశంలో గుల్మార్గ్‌ని మించింది లేదంటారు. ఊరే 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి గొండోలా రెండు దశల్లో అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకుపోతుంది. 2020లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు అక్కడ కూడా జరిగాయి.

ఈసీఈ వాడు ఔలీ అన్నాడు. ఉత్తరాఖండ్, జోషిమఠ్ పైన. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన వాలు. నందాదేవి ఎదురుగా కనబడుతుంది. కానీ 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు ఆ ఊరి నుంచి ఔలీకి పోయే రోప్‌వే ఆపేశారు. ఆ ఫోటోలు చూసినాక సివిల్ వాడు నేల పొరల గురించి అరగంట క్లాసు పీకాడు. ఔలీ అట్లా కిందికి జారింది.

మూడోది సోలాంగ్. మనాలికి దగ్గర్లోనే చిన్న లోయ, 2,500 మీటర్ల చిల్లర ఎత్తు. ఢిల్లీలో రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి మనాలి. ఖర్చు తక్కువ. వాలు చిన్నది. సివిల్ వాడు "అది ఫ్యామిలీలు టైరు మీద కూర్చొని జారే చోటు రా" అని కొట్టేశాడు. మేమూ నవ్వాం. మెక్ వాడు మాత్రం నవ్వలేదు. అప్పుడు నాకది తోచలేదు.

నేను ఆళ్లగడ్డ పోయి ఇంట్లో గుల్మార్గ్ మాట ఎత్తితే అమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "కాశ్మీరా? టీవీలో చూసి నెలన్నా కాలేదు కదరా." 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో చనిపోయిన 26 మందిలో మన రాష్ట్రంవాళ్లు కూడా ఉన్నారు. ఆ శవపేటికలు ఇంటికొచ్చిన దృశ్యాలు అమ్మ మర్చిపోలేదు. పైగా బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవని నేనే తెలివితక్కువగా చెప్పేశాను. మా నలుగురివీ ప్రీపెయిడ్‌లే. "అంటే ఫోన్ చేసినా పలకవు" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు.

జేజి బాధ వేరు. "జారేదానికి అంత దూరం యాలరా? అహోబిలం పో. కోనేటి మెట్ల మీద పాచి ఉండాది. కావలసినంత జారొచ్చు."

ఏ బోర్డు?

బోర్డుల సంగతంతా మెక్ వాడు చూసుకున్నాడు. వాడికి పిచ్చి పట్టింది. 1965లో అమెరికాలో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతుళ్ల కోసం రెండు స్కీలు పక్కపక్కన బిగించి 'స్నర్ఫర్' చేశాడనీ, అందులోంచే ఈ ఆట పుట్టిందనీ, 1998 నగానో ఒలింపిక్స్ దాకా పోయిందనీ వాడే చెప్పాడు. ఆ తర్వాత వాడు చెప్పినవి నా మాటల్లో రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తాయి.

బోర్డు పొడవుకి మనిషి ఎత్తు చూస్తారని అనుకుంటాం. ఎత్తు కంటే బరువు ముఖ్యం. బోర్డు ఒక దూలం లాంటిది. మన బరువుకి అది వంగితేనే దాని అంచు మంచులోకి దిగి మలుపు తిరుగుతుంది. తేలికైన మనిషికి పొడుగు బోర్డు ఇస్తే అది వంగదు, మాట వినదు. తర్వాత వెడల్పు. పాదం 10 నంబరు దాటితే మామూలు బోర్డులో వేళ్లూ మడమా బయటికి పొడుచుకొచ్చి, ఒరిగినప్పుడు మంచుకి తగులుతాయి. అట్లాంటివాళ్లకి 'వైడ్' అనే రకం కావాలి. తర్వాత మెత్తదనం. నేర్చుకునేవాళ్లకి మెత్తటి బోర్డు మంచిది. తప్పు చేసినా క్షమిస్తుంది. గట్టి బోర్డు వేగానికి, అనుభవానికి. ఇంకా పక్కనుంచి చూస్తే బోర్డు వంపు. మధ్యలో లేచి ఉంటే క్యాంబర్, అది గట్టిగా పట్టు ఇస్తుంది. చివర్లు పైకి లేచి ఉంటే రాకర్, అది అంచు తగులుకొని బోర్లా పడకుండా కాపాడుతుంది, లోతైన మెత్తటి మంచులో తేలుతుంది.

వీటన్నిటికంటే ముందు తెలియాల్సింది ఏ కాలు ముందు అని. ఎడమకాలు ముందుంటే 'రెగ్యులర్', కుడికాలు ముందుంటే 'గూఫీ'. దీనికొక పరీక్ష ఉంది: చెప్పకుండా వెనకనుంచి తోస్తే, పడకుండా ఏ కాలు ముందుకేస్తావో అదే నీ కాలు. ఆదివారం నలుగురం మా ఊరికి పోయాం. మా నాయనది శిల్పాల పని. ఆళ్లగడ్డలో మా వీధి పొడుగునా సగం చెక్కిన దేవుళ్లు నిలబడి ఉంటారు. ఆ దేవుళ్ల ముందర మేం ఒకరినొకరు తోసుకుంటుంటే జేజి కూడా వచ్చి ఈసీఈ వాణ్ని ఒక్క తోపు తోసింది. వాడు కుడికాలు వేశాడు. గూఫీ.

షెడ్డులో పాత రుబ్బురోలు పొత్రం ఒకటి ఉంటే దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, పైన చెక్కపలక వేసి, దాని మీద నిలబడే సాధన మొదలుపెట్టాం. మెక్ వాడు మొదటి రోజే నిమిషం పైన నిలబడ్డాడు. నేను మూడో సెకనుకి చేతులు చాపి పడ్డాను.

అంతవరకూ గ్రైండరు పట్టుకొని పనిచేసుకుంటున్న నాయన అప్పుడు మిషను ఆపాడు. "మంచు మీద కూడా ఇట్లనే పడతారా?"

"మొదట్లో అందరూ పడతారు నాయనా."

"చేతులు ఆనించా?"

అవును. కొత్తవాళ్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకే. ఆ ముక్క నేను చదివాను, ఇంట్లో చెప్పలేదు. నాయన తన కుడిచెయ్యి చాపి చూపించాడు. గ్రైండరు ఆపి చాలాసేపైనా ఆయన వేళ్లు జిమజిమలాడుతూనే ఉంటాయి. రాత్రిళ్లు అన్నం కలుపుకునేటప్పుడు నేను చూస్తుంటాను. "నువ్వు ఉలి పట్టకపోయినా పర్వాలేదు. కంప్యూటరుకైనా చేతులే కదరా కావాల" అన్నాడు. వద్దనలేదు. మణికట్టుకి కట్టుకునేవి ఏమన్నా దొరుకుతాయా అని అడిగాడు. దొరుకుతాయన్నాను. "అయితే బోర్డు కంటే ముందు అవి కొనండి" అన్నాడు.

కొత్త బోర్డు, దానికి బైండింగులు, బూట్లు కొంటే అర లక్ష సులువుగా దాటుతుందని, సివిల్ వాడు అయినా కొనాలంటున్నాడని చెప్తే నాయన నవ్వాడు. "మా దగ్గర పనికి చేరినోనికి మొదటి రోజే సన్న ఉలి ఇయ్యం. మొద్దు ఉలి, పారేసే రాయి ఇస్తాం. చెయ్యి కుదిరినాక వాడే అడుగుతాడు ఏది కావాలో." అంతటితో కొనే మాట ఆగిపోయింది. అద్దెకి తీసుకుంటాం.

నాలుగో వరస

అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వచ్చింది. కాలేజీకి సెలవులిచ్చారు. మేం గదిలో కూర్చొని బజ్జీలు తిన్నాం. నవంబరులో టికెట్లు చేద్దామని షీటు తెరిస్తే, అన్ని వరసలూ నిండి ఉన్నాయి, మెక్ వాడిది తప్ప. వాడి కొలతలు వాడే తుడిపేశాడు. అడిగితే "బ్యాక్‌లాగ్ ఉంది రా, ఫిబ్రవరిలో కుదరదు" అన్నాడు. వాడికి బ్యాక్‌లాగ్ లేదని మా ముగ్గురికీ తెలుసు.

వాళ్లది కుందూ ఒడ్డున ఊరు. కౌలుకి వరి వేస్తారు. కోతకొచ్చిన పైరు నీళ్లలో పడుకుంది. కౌలుదారు కాబట్టి భూమి కాగితాల మీద వాళ్ల నాన్న పేరు లేదు. ఇవన్నీ వాడు చెప్పలేదు. నేను వాళ్ల ఊరి జూనియర్ దగ్గర విన్నాను. మేం బజ్జీలు తింటున్న రోజు వాడు నడుం లోతు నీళ్లలో వెన్నులు ఏరుతున్నాడట.

మేం ముగ్గురం మొదట చేసిన పని తప్పు. "నీ వాటా మేం పెట్టుకుంటాం" అన్నాం. వాడు మూడు రోజులు మాతో మాట్లాడలేదు.

ఆ మూడు రోజుల్లో నేను షీటుని మళ్లీ చూశాను. గుల్మార్గ్ ఎందుకు? కొత్తగా నేర్చుకునేవాడు మొదటి వారం అంతా గడిపేది ఒక చిన్న వాలు మీద, మడమల వైపు అంచు మీద, ఎండుటాకు రాలినట్టు అటూ ఇటూ ఊగుతూ దిగడంలోనే. వాడికి 3,950 మీటర్ల కొండ ఎందుకు? అఫర్వత్ వాలుల మీద హిమపాతాల ప్రమాదం ఉంది. 2024 ఫిబ్రవరిలో అక్కడ ఒక విదేశీ స్కీయరు అట్లాగే చనిపోయాడు. అదే ఏడు జనవరిలో అసలు మంచే పడక పోయినవాళ్లు ఎండు గడ్డి చూసి వచ్చారు. ఇవన్నీ మాకు ముందే తెలుసు. తెలిసినా గుల్మార్గే అన్నాం. ఎందుకంటే స్టేటస్‌లో ఆ పేరు బాగుంటుంది. ఆ పేరుకి మనిషికి పడే అదనపు ఖర్చు సరిగ్గా మెక్ వాడి దగ్గర లేని డబ్బు.

ఈ మాట సివిల్ వాడితో చెప్పాలంటే భయపడ్డాను. వాడు కాసేపు ఊరుకొని, "వంతెన యాడికీ పోదులే" అన్నాడు. షీటులో గుల్మార్గ్ వరస వాడే తుడిపాడు.

మిగిలిన చిక్కు నాయన తీర్చాడు. సంక్రాంతి ముందు పెద్ద ఆర్డరు ఉంది, పాలిష్ పనికి, మిషన్లు చూసుకోవడానికి మనిషి కావాలని నాతో కబురు పంపాడు. "ఊరికే కాదు, కూలికే" అని రెండుసార్లు చెప్పమన్నాడు. మెక్ వాడు వచ్చాడు. రెండు వారాలు నల్లరాయి దుమ్ములో ముక్కుకి గుడ్డ కట్టుకొని పనిచేశాడు. మూలపడ్డ రెండు గ్రైండర్లు విప్పి బేరింగులు మార్చి నడిపించాడు. జేజి వాడికి నాకంటే ఎక్కువ నెయ్యి వేసింది. చివరి రోజు నాయన కూలి లెక్కపెట్టి చేతికిస్తే, వాడు సగం ఇంటికి పంపి, మిగతా సగం జేబులో పెట్టుకున్నాడు.

శివరాత్రి దాటాక బయల్దేరమని అమ్మ షరతు. మహానందికి పోయి మొక్కుకొని రావాలట. ఆ తర్వాత కర్నూలులో సంపర్క్ క్రాంతి, ఢిల్లీ, రాత్రి బస్సు, మనాలి, సోలాంగ్. టైరు మీద ఫ్యామిలీలు జారే ఆ వాలే. మణికట్టు పట్టీలు నాలుగు జతలు వచ్చేశాయి. నాయన ఒక జత తొడుక్కొని గ్రైండరు పట్టి చూశాడు కూడా. "మీరు వచ్చినాక ఇవి నాకియ్యండి" అన్నాడు.

ఇది రాసేముందు షీటు ఒకసారి తెరిచి చూశాను. నాలుగో వరస నిండింది. ఎత్తు 5 అడుగుల 10. బరువు 74 కిలోలు. పాదం 11 నంబరు, వైడ్ బోర్డు కావాలి. ముందు కాలు: ఎడమ. డబ్బు గడిలో అంకె ఉంది, పక్కన చిన్న అక్షరాల్లో "సొంతం" అని రాసుకున్నాడు.